గోధుమ మానేసినా పాప ఎత్తు పెరగకపోతే: మాకు పనిచేసింది ఇదీ

మా పాపకి సీలియాక్ (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు) అని తేలగానే గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ అన్నీ మానిపించాం. విరేచనాలు తగ్గాయి, కాస్త ఒళ్లు కూడా చేసింది, కానీ ఎత్తు మాత్రం అక్కడే ఆగిపోయింది, ఈ జబ్బుకి చేసే టీటీజీ రక్తపరీక్షలో యాంటీబాడీలు (గ్లూటెన్ వల్ల ఒంట్లో పెరిగేవి) ఇంకా ఎక్కువే. ఐరన్ టానిక్, ప్రోటీన్ పౌడర్, నులిపురుగుల మందు, ఏవీ పనిచేయలేదు.

తెలియకుండా ఎక్కడో గోధుమ కలుస్తోందేమో, వంటిల్లు మొత్తం వెతకమన్నారు డైటీషియన్. ముందు పోపుల పెట్టె. ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది! పప్పు, చారు, పులిహోర, రోజూ ఏదో ఒకదాంట్లో పడేదే కదా, వెంటనే ఆపేశాం. తర్వాత పిండి మర. గోధుమలు ఆడిన మరలోనే మన జొన్నలూ పోస్తారు, అందుకని గింజలు కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పడుతున్నాం. ఆఖర్న పాపకి జల్లెడ, చపాతీ పీట, పెనం విడిగా పెట్టాం. ప్యాకెట్ అయితే గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నదే కొంటాం, మన దేశంలో అలా రాయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

తర్వాతి పరీక్షలో యాంటీబాడీలు బాగా తగ్గాయి, ఆ తర్వాత మెల్లగా గ్రోత్ చార్టులో గీత పైకి లేచింది. మూడూ కలిపి చేశాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను. అందరికీ ఇదే కారణం అనుకోకండి, థైరాయిడ్, గ్రోత్ హార్మోన్ సమస్యలు కూడా ఉండొచ్చు, డాక్టర్‌ని అడగండి. ఇంకా పరీక్షలే చేయించని వాళ్లు మాత్రం దయచేసి ముందే గోధుమ ఆపకండి, ఆపితే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.