మాస్టర్ కోడ్ ఒక్కరి దగ్గరే

విజయనగరంలో సిరిమాను పండగంటే మా ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. తలుపుకున్న డిజిటల్ లాక్ నంబరుని గుంటపిల్లలు అరుగు మీద పాటలా పాడేవారు. అప్పుడు బుద్ధొచ్చింది.

మాస్టర్ కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి. కొత్త కోడ్‌లు పెట్టేదీ, పాతవి తీసేసేదీ దానితోనే. ఇంట్లోవాళ్లకు తలుపు తీసుకోడానికి తలా ఒక యూజర్ కోడ్ ఇవ్వండి. పనిమనిషికి వేరేది పెడితే, ఆమె మానేసినరోజు అదొక్కటే తీసేస్తే చాలు, మిగతావాళ్ల నంబర్లు కదపక్కర్లేదు. చుట్టాలకైతే ఒక్కసారికే పనిచేసే కోడ్. చాలా మోడళ్లలో ఉంటుంది.

లాక్‌తో పాటు వచ్చిన నంబరు మాత్రం మొదటిరోజే మార్చేయండి. పుట్టిన సంవత్సరం పెట్టకండి. మా పాత కీప్యాడ్‌లో 1, 9, 5, 8 మాత్రమే అరిగి మెరిసేవి. అది మావయ్య పుట్టిన ఏడాదని పాలబ్బాయి కూడా చెప్పేశాడు!