తాబేలు డిప్ప కుళ్లుతోందా? మందు కంటే ముందు ఆరబెట్టండి

అక్వేరియం షాపుల్లో కొని ఇళ్లలో పెంచే తాబేళ్లు ఎక్కువగా రెడ్ ఇయర్డ్ స్లైడర్లే. కళ్ల వెనక ఎర్రటి చార ఉంటుంది, పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ లోయ. కింద చెప్పేది వాటి గురించే. మన చిత్తూరు వైపు చిట్టడవుల్లో తిరిగే నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దెబ్బ తగిలింది దొరికినా సొంత వైద్యం చేయకుండా అటవీ శాఖకు అప్పగించండి.

డిప్ప మీద తెల్ల మచ్చలు

బెటాడిన్ సీసా తీయకముందు తాబేలును గుడ్డతో తుడిచి అరగంట ఆరనివ్వండి. తడి మీద అన్ని మచ్చలూ ఒకేలా కనిపిస్తాయి. ఆరాక గోటితో గీరితే పొడి రాలి, కింద డిప్ప గట్టిగా ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. మీ బకెట్లకు పట్టేదే దీనికీ పట్టింది. డిప్ప మీది పలక పైపొర పల్చగా లేచి వస్తుంటే పెరిగే తాబేలు పాత పొర వదులుతోందన్నమాట, మీరు పీకొద్దు. ఈ రెండిటికీ మందక్కర్లేదు.

గోరు ఆనిస్తే మెత్తగా దిగడం, చిన్న గుంటలు పడటం, పలక అంచు కింద పచ్చటి ముద్ద, నీచు వాసన... ఇవి కుళ్లు లక్షణాలు.

ఎందుకొస్తుంది, ఏం చేయాలి

డిప్ప పైపొర మన గోళ్ల పదార్థమే, దాని కింద ప్రాణమున్న ఎముక ఉంటుంది. పైన చిన్న గీత పడినా మురికి నీళ్లలోని బ్యాక్టీరియా, బూజు లోపలికి దిగుతాయి. ఎక్కి ఆరడానికి రాయి లేని ప్లాస్టిక్ టబ్బే నా దృష్టిలో అసలు దోషి. నవంబరు వానలకు ఎండ లేని రోజులు తోడైతే చెప్పక్కర్లేదు.

మెత్తని టూత్‌బ్రష్‌తో మచ్చ కడిగి, ఊడి వచ్చే మురికి మాత్రమే తీయండి. గట్టిగా ఉన్న డిప్పను చెక్కితే ఎముక గాయపడుతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్, అంటే బెటాడిన్ మందే. 10% సీసా అయితే ఒక స్పూనుకు పది స్పూన్ల నీళ్లు, 5% అయితే ఐదు స్పూన్లు. పల్చటి టీ రంగు రావాలి. దూదితో అద్ది, పది నిమిషాలుంచి, మంచినీళ్లతో కడిగి తుడవండి. కళ్లలో, నోట్లో పడనివ్వొద్దు. నురగొచ్చే స్క్రబ్ సీసా వద్దు, మామూలు సొల్యూషన్ కొనండి. ఆరిన చోట డాక్టరు చెబితే సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము పల్చగా రాయొచ్చు.

డెట్టాల్, ఫినాయిల్ దగ్గరికి రానివ్వకండి, తాబేలుకు అవి విషం. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కోలుకుంటున్న కణాలు కూడా చస్తాయి.

రోజూ రాస్తున్నా మచ్చ పెరుగుతోంది

మందు రాసి వెంటనే నీళ్లలో వదిలేస్తున్నారేమో చూడండి. రాసిందంతా కొట్టుకుపోతుంది, తడి మళ్లీ మొదలు. పెద్ద తాబేలును రోజులో ఎక్కువ భాగం పొడి టబ్బులో, శుభ్రమైన గుడ్డ మీద ఉంచండి. తాగడానికీ తినడానికీ గంటా రెండు గంటలు మాత్రం శుభ్రమైన నీళ్లలో వదలండి, ఇది నీళ్లలోనే మింగగలదు. పిల్ల తాబేళ్లు త్వరగా ఎండిపోతాయి కాబట్టి వాటికి ఎంతసేపో డాక్టరును అడగండి.

ఆరబెట్టడమంటే మిద్దె మీద మే ఎండలో పెట్టడం కాదు. నీడలోకి జరగలేని తాబేలు తిరుపతి ఎండకు ప్రాణాలు వదులుతుంది. పొద్దున లేతెండ, పక్కనే నీడ ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో డిప్పకు కావాల్సిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు ఉండవు. ఎండ లేని రోజుల్లో యూవీబీ లైటు, 30-32 డిగ్రీల వెచ్చని చోటు పెట్టండి. పాత టబ్బు, రాయి, ఫిల్టరు కడిగి ఎండబెట్టకపోతే మందు దండగ.

పొట్ట వైపు డిప్ప ఎర్రబడింది, తిండి మానేసింది

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన సూచన కావచ్చు. ఎముక కనిపించినా, చీము, రక్తం వచ్చినా అంతే. ఆ రోజే పశువైద్యుల దగ్గరికి వెళ్లాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి. యాంటీబయాటిక్ బరువును బట్టి ఇవ్వాలి. ఎవరైనా ఐవర్‌మెక్టిన్ ఇస్తామంటే ఆపండి, కుక్కలకు వాడే ఆ మందు తాబేళ్లను చంపుతుంది.

మళ్లీ పూర్తిగా నీళ్లలో ఎప్పుడు వదలాలి?

గుంట అడుగు గట్టిపడి, పొడిగా, వాసన లేకుండా ఉన్నప్పుడు. గుంట పూడటానికి నెలలు పడుతుంది, మచ్చ మిగిలిపోయినా బెంగ లేదు. విసుగొచ్చి గుడి కోనేట్లో మాత్రం వదలకండి, రోగం అక్కడి తాబేళ్లకూ అంటుతుంది. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగండి, తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగ బ్యాక్టీరియా ఉండొచ్చు. చిన్నపిల్లలకు ఈ పని అప్పజెప్పొద్దు.