పోర్చుగల్ పార్లమెంటు పత్రాలు చదవడం – 3వ పాఠం: 13 కాదు, 18 కాదు

2025 మే 18న ఎన్నికైన సభ ఎన్నో లెజిస్లతూర (వరుస నంబరుతో లెక్కపెట్టే సభ పదవీకాలం) అని పోయినసారి అడిగాను. కొందరు 13 అన్నారు, కొందరు 18 అన్నారు. జవాబు 17. బిల్లు నంబర్ల సంగతి ఈసారి చెబుతానన్నాను గానీ, ఈ చిక్కు తీరందే ముందుకెళ్ళలేం.

13 అన్నవాళ్ళు 1976 నుంచి నాలుగేసి ఏళ్ళు కలుపుకుంటూ వచ్చారు. నాలుగేళ్ళనేది గడువు మాత్రమే. అధ్యక్షుడు సభను రద్దు చేస్తే అక్కడితో సరి. 15వది 2022 మార్చిలో మొదలై రెండేళ్ళకే ముగిసింది. 16వది ఏడాది పైచిలుకు నడిచింది, అంతే.

18 అన్నవాళ్ళు ఎన్నికలు లెక్కపెట్టారు. లెక్క కరెక్టే, 1976 నుంచి జరిగినవి 18. మరి ఒకటి ఎక్కడ పోయింది? 1979 డిసెంబర్‌లో. అప్పటి రాజ్యాంగం ప్రకారం, రద్దయిన సభ స్థానంలో వచ్చినవాళ్ళు పాత గడువులో మిగిలినది పూర్తి చేయాలంతే. కొత్త నంబరు రాదు. అంటే 1976లో గెలిచినవాళ్ళదీ 1979లో గెలిచినవాళ్ళదీ ఒకటే మొదటి లెజిస్లతూర. రెండోది 1980 అక్టోబర్ ఎన్నికలతో మొదలైంది. తర్వాత ఆ రూలు మారింది, ఇప్పుడు ప్రతి ఎన్నికకీ కొత్త నంబరే. ఎన్నికల సంఖ్యలోంచి ఒకటి తీసేయమని ఊరికే చెబితే రేపు మళ్ళీ మర్చిపోతారని ఇంత సాగదీశాను. నేనైతే 2022, 2024, 2025 అంటే 15, 16, 17 అని బట్టీ పట్టి వెనక్కి నడుస్తాను.

ఇక బిల్లు నంబరు. మొదట వరుస సంఖ్య, ఏటవాలు గీత (/), లెజిస్లతూర, మళ్ళీ గీత, సెషన్ (సభ పనిచేసే ఏడాది). మధ్యది పత్రంలో రోమన్ అంకెల్లో ఉంటుంది. సెషన్ ఏటా సెప్టెంబర్ 15న మొదలవుతుంది. రద్దు తర్వాత వచ్చిన సభకు మాత్రం, ఎన్నిక నాటికి నడుస్తున్న సెషన్‌లో మిగిలిన రోజులు అదనంగా కలుస్తాయి. అందుకే 15వ లెజిస్లతూర మొదటి సెషన్ 2022 మార్చి 29 నుంచి 2023 సెప్టెంబర్ 14 దాకా సాగింది. చివర 1 కనిపించింది కదాని 2022 అని రాసేయకండి.

అభ్యాసం: 2023 జులైలో ఒక బిల్లు, అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకొకటి వచ్చాయి. రెండింటికీ చివరి రెండు భాగాలు, అంటే లెజిస్లతూర, సెషన్ రాయండి. ఓపిక ఉంటే ఇంకోటి: ప్రభుత్వాలకి వేరే నంబర్లున్నాయి. 20, 21వ ప్రభుత్వాలు రెండూ 13వ లెజిస్లతూరలోనే ఎలా పడ్డాయో 2015 నవంబర్ పేపర్లు చూసి కనుక్కోండి.