‘ఈ ఉద్యోగానికి నేను తగనేమో’ అనే గుబులును లొంగదీసుకోవడం ఎలా?

పని చేతకానివాళ్లకు రావలసిన భయం ఒక్కోసారి పని బాగా వచ్చినవాళ్లను పట్టుకుంటుంది. పదోన్నతి వస్తుంది, పైఅధికారి నలుగురిలో మెచ్చుకుంటారు. లోపల మాత్రం ‘ఏదో కాలం కలిసొచ్చింది, నాకేమీ రాదన్న సంగతి ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదు’ అన్న గుబులు. దీనికే ఇంపోస్టర్ సిండ్రోమ్ అని పేరు. 1978లో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు చదువులో, వృత్తిలో రాణించిన 150 మందికి పైగా మహిళలను గమనించి దీని గురించి మొదట రాశారు. మగవారికీ ఇది తప్పదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎంతమందికి ఉంటుందంటే మాత్రం ఒక అంకె చెప్పడం కష్టం. 2020లో 62 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో అది 9 శాతం నుంచి 82 శాతం దాకా ఉంది. ఏ ప్రశ్నావళితో కొలిచారు, గీత ఎక్కడ గీశారు అన్నదాన్ని బట్టి అంత తేడా వస్తుంది. కాబట్టి ‘పదిమందిలో ఏడుగురికి ఉంటుంది’ లాంటి మాటలను మరీ పట్టించుకోనక్కర్లేదు. ఇది వ్యాధి కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎంలో దీనికి చోటు లేదు.

అద్దం ముందు నిలబడి ‘నాకు అన్నీ వచ్చు’ అని రోజూ వల్లించమనే సలహా మీద నాకు నమ్మకం లేదు. అనుమానించడానికి అలవాటుపడిన మనసు ఆ మాటనూ అనుమానిస్తుంది. అసలు చిక్కు పద్దులు రాసే తీరులో ఉంది. గెలుపు వస్తే అదృష్టం ఖాతాలో, పొరపాటు జరిగితే సొంత ఖాతాలో వేసుకుంటూ పోతే ఏళ్ల అనుభవం తర్వాత కూడా నిల్వ సున్నాయే. దిద్దుకోవలసింది ఆ రాతను.

మొదటి మెట్టు: గుబులు ఎప్పుడు పుడుతోందో పట్టుకోండి

ఇది రోజంతా ఒకేలా ఉండదు. కొత్త బృందంలో చేరినప్పుడు, బాధ్యత పెరిగినప్పుడు, బాగా తెలిసినవారి పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు పైకి లేస్తుంది. అలాంటప్పుడు ఏం జరిగింది, ఏమనిపించింది అన్నవి రెండు ముక్కల్లో రాసుకోండి. ‘సమావేశంలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను’ అన్నది జరిగినది. ‘నేను ఇక్కడ ఉండదగిన మనిషిని కాను’ అన్నది అనిపించినది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిది రెండోదానికి ఏమాత్రం సాక్ష్యం కాదని మీకే తెలుస్తుంది.

రెండో మెట్టు: చేసిన పనిని ఆధారాలతో రాసిపెట్టుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే గట్టి ఉపాయం ఇదే. వారానికొకసారి పది నిమిషాలు చాలు. అయితే ‘నివేదిక బాగా వచ్చింది’ అని రాస్తే లాభం లేదు. మర్నాటికే అది కూడా అదృష్టంలా కనిపిస్తుంది. మీరు ఏం గమనించారు, ఏ నిర్ణయం తీసుకున్నారు, దానివల్ల ఏం మారింది అన్నది రాయాలి. ఉదాహరణకు ఇలా: ‘రెండు విభాగాలు పంపిన మొత్తాలు కలవలేదు. ఒకరు పన్నుతో కలిపి, మరొకరు పన్ను లేకుండా లెక్కవేశారని కనిపెట్టాను. ఇద్దరితో మాట్లాడి, నివేదిక పైకి వెళ్లకముందే సరిచేయించాను.’ ఇందులో అదృష్టం దూరడానికి సందు ఎక్కడుంది?

తోటివారి సాయం అందితే అదీ రాయండి, నిజంగానే కలిసొచ్చినది ఉంటే దాన్నీ దాచకండి. లెక్క నిజాయతీగా ఉంటేనే మనసు నమ్ముతుంది. వార్షిక మదింపు సమయంలో జ్ఞాపకాలు తవ్వుకోవలసిన అవసరం తప్పడం అదనపు లాభం.

మూడో మెట్టు: తయారీకి ముందే హద్దు పెట్టుకోండి

క్లాన్స్ వర్ణించిన ఒక చక్రం ఉంది. పని చేతికి రాగానే ఆందోళన మొదలవుతుంది. దాంతో కొందరు అవసరానికి మించి కష్టపడతారు, కొందరు చివరి క్షణం దాకా వాయిదా వేసి హడావుడిగా ముగిస్తారు. పని గట్టెక్కుతుంది. అప్పుడు మొదటివారు ‘అంత చాకిరీ చేశాను కాబట్టే సరిపోయింది’ అనుకుంటారు, రెండోవారు ‘ఎలాగో బయటపడ్డాను’ అనుకుంటారు. ఎటు చూసినా సామర్థ్యానికి పేరు రాదు. తర్వాతి పనితో చక్రం మళ్లీ మొదలు.

దీన్ని తెంచడానికి చిన్న పనితో మొదలుపెట్టండి. అంత ప్రమాదం లేని ఒక ప్రజెంటేషన్‌కు మామూలుగా ఆరు గంటలు పెడుతుంటే, ఈసారి నాలుగు గంటలని ముందే నిర్ణయించుకుని అక్కడితో ఆపండి. వాయిదా వేసేవారైతే పని అందిన రోజే అరగంట కూర్చుని కనీసం పై చట్రమైనా రాసేయండి. ఫలితం ఎలా వచ్చిందో మీ పుస్తకంలో ఎక్కించండి. చాలాసార్లు ఆ తగ్గించిన రెండు గంటల లోటు ఎవరి కంటా పడదు. పడితే, ఏ భాగానికి నిజంగా సమయం కావాలో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: మెచ్చుకోలును తిప్పికొట్టకండి

‘అబ్బే, ఇందులో నేను చేసిందేముంది’ అని మనం అలవోకగా అనేస్తాం. అది వినయమని ఎదుటివారు అనుకుంటారు, మీ మనసు మాత్రం దాన్ని వాస్తవంగా నమోదు చేసుకుంటుంది. ‘ధన్యవాదాలండీ, ఆ భాగం మీద చాలా ఆలోచించాను’ అంటే చాలు. అందులో గొప్పలు చెప్పుకున్నదేమీ లేదు.

‘తేలికగా అయిపోయింది కాబట్టి అది గొప్ప కాదు’ అన్న ఆలోచన వస్తే ఒక ప్రయోగం గుర్తు చేసుకోండి. 1999లో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ ప్రచురించిన పరిశోధనలో తక్కువ మార్కులు వచ్చినవారు తమను ఎక్కువగా అంచనా వేసుకున్నారన్నది అందరికీ తెలిసిన భాగం. పరీక్షలో ముందు వరుసన నిలిచినవారు ఇతరులతో పోలిస్తే తమ స్థానాన్ని తక్కువగా ఊహించుకోవడం అంతగా ప్రచారం కాని భాగం. తమకు సులువైనది అందరికీ సులువే అని వారు అనుకున్నారు.

ఐదో మెట్టు: నిజమైన లోటును విడదీయండి

ప్రతి అనుమానమూ అబద్ధం కాదు. కొత్త సాఫ్ట్‌వేర్ రాకపోతే రాదు, అంతే. ‘నాకేమీ రాదు’ అన్న మాటను ‘నాకు ఫలానాది రాదు’ అన్నదాకా కుదిస్తే అది నేర్చుకోగలిగిన విషయమవుతుంది. మీ పని తెలిసిన ఒక సీనియర్‌ను అడగండి. ‘ఎలా ఉందండీ?’ అంటే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ‘ఈ నివేదికలో ఒక్క భాగం మార్చాలంటే ఏది మారుస్తారు?’ అని అడిగితే పనికొచ్చే మాట చెబుతారు.

అందరి ముందూ తెలియని ప్రశ్న ఎదురైతే ‘ఇది ఇప్పుడు నా దగ్గర లేదు, రేపు మధ్యాహ్నంలోగా చూసి చెబుతాను’ అనండి, చెప్పిన సమయానికి చెప్పండి. బట్టబయలవుతానన్న భయానికి తెలియదని మీ అంతట మీరే చెప్పడాన్ని మించిన విరుగుడు లేదు. ఆకాశం విరిగి పడదని ఒకటి రెండుసార్లకే అర్థమవుతుంది.

లోపం ఎప్పుడూ మీలోనే వెతకకండి

కొన్ని కార్యాలయాల్లో కొందరి మాట వినిపించుకోరు, వారి పనికి వేరొకరి పేరు పెడతారు, ప్రతి చిన్న తప్పుకూ నిలదీస్తారు. అక్కడ కలిగే సందేహానికి మూలం మనిషిలో లేదు. ఈ వాదనతో 2021లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన వ్యాసం పెద్ద చర్చకే దారితీసింది. మీ పుస్తకంలో ఆధారాలు పెరుగుతున్నా మీ మాటకు విలువ పెరగకపోతే మార్చవలసింది మిమ్మల్ని మీరు కాదు, బృందాన్నో, ఉద్యోగాన్నో.

ఇక గుబులు నిద్రను పాడుచేస్తూ, పనికి వెళ్లాలంటేనే వణుకు పుట్టించే స్థితి రెండు వారాలు దాటినా తగ్గకపోతే సొంత చిట్కాలతో నెట్టుకురావద్దు. దాని వెనుక ఆందోళన, కుంగుబాటు ఉండవచ్చు. వాటికి మంచి చికిత్సలున్నాయి. మనస్తత్వ నిపుణుల దగ్గరకు వెళ్లేటప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న కాగితాలు వెంట తీసుకెళ్తే మొదటి గంటలోనే అసలు విషయంలోకి దిగవచ్చు.