మెక్సికో విప్లవ నవలల్ని క్లాసులో చెప్పాలంటే

అధికారం, జెండర్, విప్లవం అని కోర్సుకి పేరు పెట్టగానే మొదటి వారమే సిద్ధాంతాల పుస్తకాలు పంచేయాలనిపిస్తుంది. పంచకండి. నేను అలా చేసిన సెమిస్టరులో పిల్లలు పెద్ద పెద్ద మాటలు నేర్చుకున్నారు, నవలలు మాత్రం తెరవలేదు. స్పానిష్ మాట్లాడే దేశాలన్నీ చుట్టేసి రావాలన్న తాపత్రయం కూడా వద్దు. ఒక్క దేశం పట్టుకోండి, నేనైతే మెక్సికో అంటాను.

మొదటి రోజు అరపేజీ చాలు. రొసారియో కాస్తెయానోస్ 1957లో రాసిన ‘బలూన్ కనాన్’లో, మెక్సికో దక్షిణాన ఉన్న చియాపాస్ రాష్ట్రంలో జరిగే ఒక తిరునాళ్ల ఘట్టం ఉంది. ఒక ఆదివాసీ నోరు తెరిచి స్పానిష్‌లో మాట్లాడతాడు, అంతే, అక్కడున్నవాళ్లు మండిపడతారు: స్పానిష్ మాది, దానికో పద్ధతుంది, పైవాళ్లని ‘ఉస్తెద్’ అనాలి, సాటివాళ్లని ‘తూ’ అనాలి, ఆదివాసీలని ‘వోస్’ అనాలి అంటారు. ఇంగ్లీషులోకి వెళ్తే ఈ మూడూ ‘యూ’ అయిపోతాయి. తెలుగు పిల్లలకైతే విడమరిచి చెప్పక్కర్లేదు, మీరు, నువ్వు, ఒరేయ్ ఎవరికి ఎక్కడ పడతాయో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నారు. ఆ మూడు మాటలూ బోర్డు మీద రాసి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో వాళ్లచేతే గుర్తు పెట్టించండి. తర్వాత ఏ నవల చదివినా ఈ అలవాటు పనికొస్తుంది.

ఇక విప్లవం. మరియానో ఆసువేలా డాక్టరు, విప్లవ నాయకుల్లో ఒకడైన పాంచో వియా వర్గం సేనలతో తిరిగినవాడు, ఆయన ‘లోస్ దె అబాహో’ 1915లో వచ్చింది. అందులో కమీలా అనే అమాయకురాలు, దోపిడీల్లో ముందుండే పింతాదా ఉంటారు, చివరికి పింతాదా కమీలాని పొడిచి చంపుతుంది. ఆడవాళ్లకి రచయిత ఈ రెండు అచ్చులే ఎందుకు పోశాడు అని అడగండి. ఆ హత్య ఉందని ముందురోజే చెప్పండి. ఇంకొకటి, ఆడపిల్లల్ని లేపి ‘మీరేమంటారు’ అని స్త్రీజాతి తరఫున మాట్లాడించకండి, దానికి వాళ్లు పడే ఇబ్బంది నేను చూశాను.

దాని పక్కనే నెల్లీ కాంపోబెల్లో ‘కార్తూచో’ (1931) పెట్టండి. ముక్కలు చిన్నవి, క్లాసులోనే పైకి చదవొచ్చు. ఒకదాంట్లో కాల్చి చంపిన మనిషి శవం కిటికీ కింద మూడు రాత్రులు పడి ఉంటుంది. చూసి చూసి, కథ చెప్పే చిన్నపిల్లకి అది తనదే అనిపిస్తుంది, తీసుకెళ్లిపోతే వెలితిపడుతుంది, ఇంకొకర్ని మా ఇంటి దగ్గరే కాలిస్తే బాగుండు అనుకుంటుంది. చదివాక వెంటనే ఏమీ అడగొద్దు, రెండు నిమిషాలు ఊరుకోండి. అప్పుడు కూడా ‘ఇందులో జెండర్ ఎక్కడుంది సార్’ అనేవాళ్లు ఉంటారు, వాళ్లని ఈ కిటికీ ఆసువేలా నవలలో ఎక్కడుందో వెతకమనండి. బోర్డు మీద మూడు సంవత్సరాలు కూడా రాయండి: విప్లవం మొదలైంది 1910, రాజ్యాంగం 1917, దేశమంతటా ఆడవాళ్లకి ఓటు 1953.

పరీక్ష కంటే అసైన్‌మెంట్ మేలు, ఒకే సంఘటనని ఇంకొకరి కళ్లతో రెండు పేజీలు రాయమనండి. ఎలేనా పోనియాతోవ్స్కా 1969 నవలని మాత్రం చివరికి ఉంచండి. విప్లవంలో సైన్యం వెంట తిరిగి, తర్వాత బట్టలుతికి బతికిన ఒక ఆమె చెప్పిన మాటల మీద అల్లిన నవల అది, అట్ట మీద ఉన్నది మాత్రం రచయిత్రి పేరు. ఈ పుస్తకం ఎవరిది అని అడిగాక చర్చ ఒక గంటలో తేలదు, రెండు క్లాసులు ఖాళీ ఉంచుకోండి.