బీట్‌రూట్ ముక్కతో కణత్వచం సంగతి తేల్చుకోవడం ఎలా

సెల్ మెంబ్రేన్, అంటే కణత్వచం, ఫ్లూయిడ్‌గా (అందులోని అణువులు ద్రవంలోలా కదులుతూ) ఉంటుందని పుస్తకంలో ఒక్క లైన్‌లో రాసేస్తారు గానీ, కళ్ళతో చూద్దామంటే మామూలు మైక్రోస్కోప్‌కి అది అందదు, పొర మందం 7, 8 నానోమీటర్లే మరి. దొడ్డిదారి బీట్‌రూట్. దాని ఎరుపు, అంటే బీటాసయనిన్, కణం లోపల రిక్తికలో (వాక్యూల్ అనే నీటి సంచిలో) ఉంటుంది, బయటికి రావాలంటే ముందు రిక్తిక చుట్టూ ఉన్న టోనోప్లాస్ట్ అనే పొర, తర్వాత కణత్వచం, ఈ రెండూ దాటాలి. నీళ్ళు ఎర్రబడ్డాయంటే రెండూ దెబ్బతిన్నట్టే. పైన కణకవచం (సెల్ వాల్) ఉంది కదా అంటారేమో, అది ఈ రంగుని ఆపలేదు.

పచ్చి బీట్‌రూటే తీసుకోండి, ఉడికింది పనికిరాదు. సెంటీమీటరు ముక్కలు ఒకే సైజులో కోసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. చాలామంది ప్రయోగం పాడయ్యేది ఇక్కడే, కత్తి పడిన చోట కణాలు ఎలాగూ తెగిపోయి ఉంటాయి, ఆ రంగు కడగకుండా వదిలేస్తే 30 డిగ్రీల ట్యూబ్ కూడా ఎర్రగా కనిపించి అంతా గందరగోళం అవుతుంది.

తర్వాత 5 టెస్ట్ ట్యూబుల్లో తలా 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి 30, 40, 50, 60, 70 డిగ్రీల వేడినీళ్ళ గిన్నెల్లో నిలబెట్టండి, ట్యూబ్ లోపలి నీళ్ళు కూడా ఆ వేడికి వచ్చాయని థర్మామీటర్‌తో చూసుకున్నాకే ముక్క వేయండి. అరగంట ఆగి, ట్యూబ్‌ని మెల్లగా కదిపి, ముక్క తీసేసి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటర్ ఉంటే గ్రీన్ ఫిల్టర్ వాడండి, ఈ రంగు పీల్చుకునేది ఆకుపచ్చ వెలుగునే.

30, 40 దగ్గర లేత గులాబీ కూడా సరిగ్గా రాదు, 50 దాటాక మాత్రం రంగు ఒక్కసారిగా చిక్కబడుతుంది. దీనికి అందరూ రాసే జవాబు "వేడికి పొర ఫ్లూయిడ్ అయ్యింది, అందుకే కారింది" అని, నా లెక్కలో అది సగం మార్కుల జవాబే. పొర 30 దగ్గర కూడా ఫ్లూయిడ్‌గానే ఉంది కదా! 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపేసి చూస్తే, 37 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాల్లో రెండిటి ప్రోటీన్లూ పొరంతా కలగలిసిపోయాయి, కణం మాత్రం చెక్కుచెదరలేదు. 1972లో సింగర్, నికల్సన్ చెప్పిన ఫ్లూయిడ్ మొజాయిక్ మోడల్‌కి (కదిలే లిపిడ్ల పొరలో ప్రోటీన్లు పొదిగినట్టుంటాయనే నమూనాకి) ఇదీ ఒక ఆధారమే. పొరలో ఫాస్ఫోలిపిడ్లు, అంటే ఒక తల, తోకలు ఉండే కొవ్వు అణువులు, తోకలు లోపలికి పెట్టి రెండు వరసల్లో ఉంటాయి. అవి తమ వరసలో పక్కకి జరుగుతూనే ఉంటాయి, ఈ వరస నుంచి ఆ వరసకి దూకడం మాత్రం చాలా అరుదు, తలకి నీళ్ళు కావాలి, తోకలకి నీళ్ళు పడవు, మధ్యలో ఆ నూనె లాంటి భాగం గుండా తల దూరాలంటే మాటలా. తోకల్లో డబుల్ బాండ్ల దగ్గర వంపులుంటే దగ్గరగా సర్దుకోలేవు, పొర ఇంకా వదులుగా ఉంటుంది. జంతుకణాల్లో దీన్ని అదుపులో పెట్టేది కొలెస్ట్రాల్, మొక్కల్లో ఆ పని సైటోస్టెరాల్ లాంటివి చేస్తాయి.

కాబట్టి 50 పైన జరిగేది రెండు పనులు: లిపిడ్ల కదలిక మరీ ఎక్కువై పొరలో సందులు పడటం ఒకటి, పొరలోని ప్రోటీన్లు వేడికి ఆకారం పోగొట్టుకోవడం ఇంకోటి. జవాబులో రెండూ రాయండి.

లిపిడ్ల వంతు విడిగా చూడాలనుంటే వేడి వదిలేసి, గది ఉష్ణోగ్రతలోనే 0, 20, 40, 60 శాతం ఆల్కహాల్‌లో ముక్కలు వేయండి, అది లిపిడ్లని కరిగిస్తుంది, కాకపోతే ప్రోటీన్లని కూడా పూర్తిగా వదలదు. ట్యూబులకి మూత పెట్టండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి.