మూత వదులైన డబ్బా, పెరిగిన వేగం: నా అనుభవం

టెక్సస్‌లో ఉంటున్న నేను .308 రైఫిల్ తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకుంటాను. గత వేసవి చివర్లో, ఎప్పటి పౌడర్ (తుపాకీ మందు) డబ్బా నుంచే ఎప్పటి తూకంతో నింపిన తూటాలు క్రోనోగ్రాఫ్ (తూటా వేగాన్ని కొలిచే పరికరం) మీద సెకనుకు 40 అడుగులు ఎక్కువ వేగం చూపాయి, పైగా రైఫిల్ వెనుక భాగాన్ని మూసే బోల్టు తెరవడం కష్టమైంది, అది పీడనం పెరిగిందనే సూచన. ముందు త్రాసును అనుమానించి పరీక్ష తూనికరాళ్లతో సరిచూశాను. దానిలో దోషం లేదు. తప్పు నాదే: వేడెక్కే గరాజ్‌లో మూత వదులుగా ఉంచిన డబ్బాలో పౌడర్ తేమ కోల్పోయింది, ఎండిన పౌడర్ త్వరగా మండి పీడనాన్ని పెంచుతుంది.

పౌడర్‌లోని ప్రధాన పదార్థమైన నైట్రోసెల్యులోజ్ కుళ్లడం వేరే సంగతి. అందులో కలిపే డైఫినైలమిన్ వంటి స్థిరకారి (కుళ్లకుండా కాపాడే పదార్థం) అయిపోతే ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రటి ధూళి, గోధుమరంగు పొగ కనిపిస్తాయి. నా డబ్బాలో అవేవీ లేకపోయినా దాన్ని పక్కన పెట్టేశాను. కొత్త డబ్బా లాట్ (తయారీ విడత) సంఖ్య వేరు కాబట్టి, పాత తూకాన్ని నమ్మకుండా 10 శాతం తగ్గించి, క్రోనోగ్రాఫ్ చూస్తూ కొద్దికొద్దిగా పెంచాను. ఎప్పుడూ వచ్చే మామూలు వేగం, పాత తూకం కన్నా దాదాపు అర గ్రెయిన్ (పౌడర్‌ను తూచే చిన్న కొలత) తక్కువకే వచ్చేసింది. ఇప్పుడు డబ్బాలు ఇంట్లో చల్లని అలమరలో ఉంటున్నాయి.